కంగారమ్మ, ఓడ వచ్చిన రోజు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కంగారమ్మ ఇల్లెక్కడ అని అడిగితే చాలు, రొట్టెల వ్యాను ఆగే ఇంటి పక్క మేడ మీద వాటా అని ఎవరైనా చూపించేవారు. పాలు పొంగిపోతాయేమోనని పొయ్యి వెలిగించకముందే గరిటె పట్టుకుని నిలబడే మనిషి. తలుపుకి తాళం వేసి మెట్లన్నీ దిగి, వేశానో లేదోనని మళ్ళీ పైకెక్కే మనిషి. ఆ కంగారు పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడు ఓడలో చేరిన దగ్గర్నుంచి పట్టుకుంది.

ఆయనది విహార ఓడలో బట్టలుతికే చోట పని. డబ్బున్నవాళ్ళు సరదాకి ఊళ్ళు చుట్టి వచ్చే పెద్ద ఓడ అది. ఒక్కో రేవులో ఒక్కో పూట ఆగుతుంది. ఓడలో పని అనగానే గాలీ, ఆకాశమూ, అలలూ అనుకుంటారు గానీ ఆయన ఉండే గది ఓడ అడుగున, నీళ్ళ మట్టానికి కింద, కిటికీ అన్నది లేకుండా ఉంటుంది. ఓడలోని పక్కలన్నిటి దుప్పట్లూ అక్కడికే దిగుతాయి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఇస్త్రీ యంత్రంలో కాలే రోలర్ల మధ్యకి అందించాలి. చెయ్యి ఒక్క రవ్వ ముందుకు పోతే చర్మం అంటుకుంటుంది. ఆయన మణికట్ల మీద ఆ మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి.

ఆ ఓడ దారిలో వాళ్ళ ఊరి రేవు కూడా ఉంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. ఆ పూట ఆయన ఇంటికి వస్తాడు. వచ్చి ఏం చేస్తాడయ్యా అంటే, నిద్రపోతాడు.

గుమ్మం దగ్గర బూట్లు విప్పి, చేతి గడియారం తీసి కుడి బూటులో పడేసేవాడు. "అక్కడ ఇది నన్ను ఆడిస్తుంది. ఇంట్లో దీని మొహం చూడను" అనేవాడు. నాలుగు ముద్దలు తిని, కిటికీ పక్క మంచం మీద ఎండ మొహాన పడేలా ఒరిగేవాడు. ఇక ఇల్లు కూలినా లేవడు. ఆమె ఆ మంచం పక్కనే కుర్చీ అంచున, గోడ గడియారం మీదా ఆయన మొహం మీదా కళ్ళు మార్చి మార్చి వేస్తూ కూర్చునేది. మొగుడు ఇంటికొచ్చిన రోజు ఆడదానికి ఉండే సంతోషం ఆమెకు తెలియదు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె చెవుల్లో ఓడ కూత మొదలయ్యేది.

దానికో కారణం ఉంది. ఏదో దూరపు రేవులో ఇంటికి ఫోన్ చేద్దామని బూత్ దగ్గర వరసలో నిలబడి ఆయన ఒకసారి ఆలస్యం చేశాడు. అందరూ ఎక్కేయాల్సిన వేళ దాటాక, మెట్ల వంతెన తీసేస్తుండగా పరుగెత్తి ఎక్కాడు. ఇంకోసారి ఇలా అయితే సామాను సర్దుకోమని పై అధికారి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆమెకు నిద్రలో కూడా కదిలిపోతున్న ఓడే కనిపించేది. పైగా ఈ మధ్యే అత్తగారు గుండె జబ్బుతో వీళ్ళ దగ్గరికి వచ్చి చేరింది. పూటకి మూడు రకాల మాత్రలు. ఆ మాత్రలూ, ఇంటి అద్దే, పొయ్యి మీద గిన్నే అన్నీ ఆ దుప్పట్ల మీదే నడుస్తున్నాయి.

అత్తగారు రాక చాలా ముందే, ఆ ఓడ భయంతో ఆమె గోడ గడియారాన్ని కాస్త ముందుకు తిప్పింది. ఎవరికీ చెప్పలేదు. ఆయన రెండోసారి వచ్చినప్పటికే కనిపెట్టేశాడు. ఆయనా నోరు మెదపలేదు. ఆ కాస్తా మనసులో తీసేసుకుని ఇంకొంచెం పడుకున్నాడు. అది గమనించి ఆమె ఇంకాస్త తిప్పింది. ఆయన ఇంకాస్త తీసేసుకున్నాడు. చివరికి అరగంట దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండానే. గడియారం నాలుగు చూపిస్తే మూడున్నర. నాలుగింటికల్లా అందరూ ఓడలో ఉండాలి. రేవు దగ్గరే. అలా ఎన్నో నెలలు సవ్యంగా నడిచింది.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. మేడ మీద ఆరేసిన బట్టలు తీగకి చుట్టుకుపోతున్నాయి. ఆయన వచ్చి, తిని, పడుకున్నాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని సణుగుతోంది.

"కన్నకొడుకు మొహం చూద్దామని నేను కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తే, వాడొచ్చి నాకు వీపు చూపిస్తాడు. ఈ వీపు చూడ్డానికా నేను మంచం దిగి ఇవతలికొచ్చింది?"

"మెల్లగా అత్తయ్యా, లేస్తారు."

"లేస్తే లేవనీ. రెండు మాటలైనా మాట్లాడతాడు. నువ్వేమో వాడికి కాపలా కుక్కలా కూర్చుంటావు."

గడియారం నాలుగు చూపించడానికి ముందే, ఎప్పటిలాగే, ఆమె ఆయన్ని లేపింది. ఆయన ఎప్పటిలాగే ఒక కన్ను తెరిచి గోడకేసి చూసి, లెక్క వేసుకుని, తీరుబడిగా లేచాడు. మొహం కడుక్కున్నాడు. తల్లి పక్కన కూర్చుని ఆవిడ కాళ్ళు నొక్కాడు. ఆవిడ మురిసిపోయింది. "చూశావా, నా తండ్రి!" అని కోడలికేసి గర్వంగా చూసింది. ఆమెకి లోపల పీకుతూనే ఉంది గానీ, ఇంకా సమయం ఉందిలే, ఈ ముసలమ్మకి ఈ మాత్రం దక్కనీ అనుకుంది.

ఆయన గుమ్మంలో వంగి కుడి బూటులోంచి చేతి గడియారం తీశాడు. తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. గోడ గడియారం చూశాడు. మళ్ళీ చేతిలోది చూశాడు.

"ఏమే," అన్నాడు. "రెండూ ఒకటే చూపిస్తున్నాయేంటి?"

ఆమె గోడ గడియారం దగ్గరికి పరుగెత్తింది. "నేను ముట్టుకోలేదండీ!"

"నేను పెట్టించాను," అంది అత్తగారు. "పొద్దున నువ్వు కూరలకి వెళ్ళినప్పుడు రేడియోలో చెప్పిన టైముకీ దానికీ పొంతనే లేదు. అబ్బాయి ఓడెక్కాల్సిన రోజు గడియారం తప్పు తిరిగితే కొంప మునగదూ? పక్కింటి ముందుండే రొట్టెల వ్యాను అతన్ని పిలిచి, స్టూలెక్కించి, సరిగ్గా పెట్టించాను. ఏం, తప్పా?"

ఆయన అప్పటికే బూటు లేసులు కట్టుకోకుండా మెట్లు దిగుతున్నాడు. వెనకే ఆమె, చెప్పులు లేకుండా.

రొట్టెల వ్యాను అతను బోనెట్ మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆమె అతన్ని అన్నయ్యా అని పిలిచేది, అందుకని అతను ఆయన్ని బావా అనేవాడు.

"ఏం బావా, ఓడ నీకోసం కన్నీళ్ళు పెట్టుకుంటోందా?"

"తియ్యి బండి! దాటిపోయింది!"

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కున్నారు. వెనక ఖాళీ రొట్టెల ట్రేలు ఒకదానికొకటి కొట్టుకుంటూ మోత. సంగతి సగం వినేసరికి వ్యాను అతని మొహం పాలిపోయింది.

"నేనే తిప్పాను చెల్లెమ్మా. ముసలావిడ అంత బతిమాలితే... అయ్యో, ఎవరైనా గడియారం కావాలని తప్పు పెట్టుకుంటారా?"

"రోడ్డు చూసి నడుపు అన్నయ్యా!"

"చూస్తున్నా, చూస్తున్నా. బావా, నువ్వైనా ఒక మాట చెప్పొచ్చుగా!"

"ఎవరికి చెప్పను? ఇంట్లోనే చెప్పుకోలేదు!"

మార్కెట్ మలుపులో సామాన్ల లారీ ఒకటి అడ్డంగా ఆగి ఉంది. వ్యాను అతను హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఆమె మాత్రం ఏమీ వినలేదు. ఎదుటి ఇళ్ళ కప్పుల మీదుగా ఓడ పొగగొట్టం కనిపిస్తోంది, తెల్లగా, దగ్గరగా. కదులుతోందా? కదలడం లేదా? కప్పులు కదులుతున్నాయా? ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

రేవు గేటు దగ్గర కాపలావాడు ఆయన కార్డు చూసి వదిలాడు. వెనకే వస్తున్న ఆమెను ఆపబోయి, మొహం చూసి చెయ్యి దించేశాడు.

మెట్ల వంతెన లేదు. దాన్ని పక్కకి లాగేశారు. ఓడకీ గట్టుకీ మధ్య నల్లని నీళ్ళు చీలి, చూస్తుండగానే వెడల్పవుతున్నాయి. పై అంతస్తుల్లో జనం టోపీలు ఊపుతున్నారు, సంగీతం వినిపిస్తోంది. ఎవరికోసం ఊపుతున్నారో వాళ్ళకే తెలియదు. ఆమె అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ కలలో చూసింది ఇదే, కాకపోతే కలలో సంగీతం ఉండేది కాదు.

ఓడ కంపెనీ తరఫు ఏజెంటు వాకీటాకీ పట్టుకుని పరుగున వచ్చాడు. అతని చేతిలో అప్పటికే ఒక కవరు ఉంది. అందులో ఆయన పాస్‌పోర్టు. రానివాళ్ళది అలా గట్టున వదిలేసి పోతారు.

"ఏమయ్యా, ఇప్పుడా రావడం? ఉండు, అడుగుతాను." వాకీటాకీలో ఏదో మాట్లాడి ఇటు తిరిగాడు. "నీ అదృష్టం బాగుంది. కింద మనుషులు తక్కువగా ఉన్నారంట. పైలటు బోటు ఇప్పుడే బయల్దేరుతోంది. ఎక్కి వెళ్ళు. బయట నిచ్చెన వేస్తారు, ఎక్కేస్తే వచ్చినట్టే రాసుకుంటామన్నారు. ఎక్కకపోతే మాత్రం ఈ కవరు నీదే."

పైలటంటే ఓడను రేవు దాటించి సముద్రంలో వదిలే మనిషి. ఆ పని కాగానే, ఓడ నడుస్తూ ఉండగానే, పక్కన వేలాడే తాడు నిచ్చెన దిగి చిన్న బోటులో వెనక్కి వస్తాడు. అతన్ని తెచ్చుకోవడానికి వెళ్ళే బోటది. గట్టు కిందే ఉంది, అలలకి మనిషెత్తు లేచి పడుతోంది. బోటువాడు ఒక కాలు గట్టు మీద పెట్టి, "రావాలంటే రా, ఆగను" అన్నాడు.

ఆయనకి ఈత రాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఓడలో ఉన్నాడన్న మాటే గానీ సముద్రాన్ని ఆయన చూసింది తక్కువ.

ఆయన బోటు కేసే చూస్తూ, ఆమె వైపు తిరక్కుండా అన్నాడు. "నువ్వు చెప్పు. వెళ్ళమంటే వెళ్తాను. వద్దంటే ఆగిపోతాను."

ఏళ్ళ తరబడి ఆమె నోట వచ్చింది ఒకటే మాట: లేవండి, వేళవుతోంది, వెళ్ళండి. ఆ మాట నాలుక చివరే ఉంది. మాత్రల సీసాలు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. అద్దె. వచ్చే నెల. ఆ తరువాతి నెల. అవతల ఆ నిచ్చెన. ఓడ పక్క గోడ మీద అప్పుడే దాన్ని వదిలారు. గాలికి అది తేలిపోయి, ఇనుప గోడకేసి కొట్టుకుని, మళ్ళీ తేలిపోతోంది. అంత దూరం నుంచి చూస్తే దారంలా ఉంది. దాన్ని పట్టుకోవలసిన చేతులు తన పక్కన వేలాడుతున్నాయి, కాలిన మచ్చలతో.

"వద్దు," అంది.

తన మాట ఆయనకి వినిపించలేదేమోనని ఆయన చొక్కా వెనక గుప్పెడు గుడ్డ పట్టుకుని ఇంకోసారి అంది. "వద్దండీ. పోతే పోనీండి."

బోటు వెళ్ళిపోయింది. ఏజెంటు కవరు ఆయన చేతిలో పెట్టి, ఎక్కడో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆరితేరిన పైలటు ఆ నిచ్చెన దిగడం వాళ్ళిద్దరూ చూశారు. సగం దిగాక ఒక అల బోటుని కిందికి లాగేసింది, అతను రెండు చేతుల మీద వేలాడాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అతను బోటులో ఉన్నాడు.

ఆ సాయంత్రం మొదలైన భయం వేరు. ఇంటికి పోగానే అత్తగారు "వెళ్ళాడా?" అని అడుగుతూనే వెనక కొడుకుని చూసి గోడ గడియారం వైపు తిరిగింది. ఆయన "నిద్ర పట్టేసిందమ్మా, నాదే తప్పు" అన్నాడు. ఆ రాత్రి ఎవరూ తినలేదు.

తరువాత ఆయనకి ఆసుపత్రి బట్టలుతికే చోట పని దొరికింది. అవే దుప్పట్లు, కాకపోతే మరకలు వేరు, జీతం సగం. ఆమె నాలుగిళ్ళ బట్టలు కుట్టింది. మాత్రలు ఆగలేదు గానీ ఒక్కో నెల ఆగినంత పనయ్యేది. ఆయన ఊరికే నిట్టూర్చినా ఆమె కుట్టు ఆపి ఆయన మొహం చూసేది. నా మాట వల్లే. నేను వద్దన్నందుకే. ఎప్పుడో ఒకరోజు, ఏదో చిన్న గొడవలో, ఆ మాట ఆయన నోట్లోంచి జారుతుందని ఎదురుచూస్తూ బతికింది. ఆయన ఎప్పుడూ అనలేదు. అనకపోవడం ఇంకా భయమేసేది.

అత్తగారు పోయిన చాలా ఏళ్ళకి, ఒక ఆదివారం ఆయన కిటికీ దగ్గర కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటుంటే, ఆమె ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఆ రోజు నేను వెళ్ళమంటే నిజంగా వెళ్ళేవారా?"

ఆయన కత్తెర ఆపాడు. "వెళ్ళేవాణ్ణే. నా మొహం నీకు కనబడకూడదనే అటు తిరిగి అడిగాను."

"అంటే?"

"ఆ నిచ్చెన చూసేసరికి చచ్చేంత భయమేసిందే. వద్దని నా నోటితో నేనంటే పిరికివాణ్ణయిపోతాను గదా. అందుకని నీ మీద పడేశాను. నువ్వెక్కడ వెళ్ళమంటావోనని ప్రాణం పోయింది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నవ్వుతావేమోనని."

ఆమె నవ్వలేదు. ఆ గట్టు మీద వణికింది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. కిందికి వంగి, నేల మీద పడ్డ గోళ్ళు ఏరి కాగితంలో చుట్టింది.

"చిన్నవేలిది వదిలేశారు," అంది. "ఇటు పెట్టండి కాలు, నేను తీస్తాను."