బావ వచ్చేలోగా నేను కోసిన తలుపు

ఆ రోజుల్లో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్నవాడికి లోకంలో బాగుచేయలేని వస్తువంటూ కనిపించేది కాదు, తన బతుకు తప్ప. నిజామాబాద్‌లో బీఎస్సీ ముగించుకుని బోధన్‌లో మా ఇంటికి చేరిన నేను సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నాను. మా లోపలి అర్ర తలుపూ అంతే, ఓ పక్కకు ఒరిగి, నేలను రాసుకుంటూ వచ్చి సగంలో ఆగిపోయేది. ఏళ్లుగా మాకు దాంతో పేచీ లేదు. కానీ ఆషాఢం వెళ్తోంది. పెళ్లయిన మొదటి ఆషాఢమని పుట్టింట్లో ఉన్న అక్కను తీసుకుపోవడానికి, శ్రావణం రాగానే కొత్త బావ వస్తున్నాడు. రెండు రోజులుంటాడు. ఇవ్వడానికి ఉన్నది ఆ ఒక్క అర్రే. తలుపు మూసుకోవాలి. (ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.)

"వడ్లాయనను పిలుస్త" అంటూ వడ్రంగి ఇంటికి బయల్దేరబోయాడు బాపు.

"ఎందుకు బాపు? వానలకు చెక్క ఉబ్బింది, గంతే. నేను జూస్కుంట."

"నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా మూడేళ్ల చదువుకు మార్కులు పడిపోయాయి.

పక్కింటి రంపం తెచ్చి, తలుపు ఊడదీసి, నేలకు తగిలే మూలను రెండు వేళ్ల మేర కోసేశాను. మళ్లీ అవే రంధ్రాల్లో స్క్రూలు పెట్టి బిగిస్తే తలుపు గాలిలా తిరిగింది. అక్క చప్పట్లు కొట్టింది. అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం) మాత్రం గొళ్లెం వేసి చూసింది. గొళ్లెం ఒక దిక్కు, అది పడాల్సిన కొండి ఇంకో దిక్కు. "తిరుగుడైతె మంచిగ తిరుగుతుంది కొడుకా, పడుడే పడ్తలేదు" అంది. వడ్లాయన రాక తప్పలేదు. ఆయన తలుపుకంటే ముందు నన్ను కాసేపు చూశాడు. తలుపును చట్రానికి పట్టి ఉంచే పై బందు స్క్రూలు తీసి, రంధ్రాల్లో పుల్లలు కొట్టి, గట్టిగా బిగించాడు. బీడీ ఆరకముందే తలుపు లేచి నిటారుగా నిలబడింది, గొళ్లెం టక్కున పడింది, కింద నాలుగు వేళ్ల సందు తేలింది.

"చెక్క ఉబ్బలే తమ్మీ, స్క్రూలు వదులైనయి. గా కోసిన ముక్కేది?"

"పొయ్యిల పెట్టిన" అంది అవ్వ. (చాయ్ దాని మీదే కాగుతోంది.)

బావ వచ్చిన మర్నాడు పొద్దున్నే మా కోడిపెట్ట పిల్లల్లో మూడు ఆ సందులోంచి అర్రలోకి దూరాయి. తల్లి దూరలేక తలుపు ముందు ఇల్లు లేచేలా అరిచింది. అవ్వ, బాపు, నేను పరుగెత్తుకొచ్చి వరుసగా నిలబడ్డాం. తలుపు కొట్టే ధైర్యం ఎవరికీ లేదు, లోపలున్నది కొత్త అల్లుడాయె! చివరికి గొళ్లెం తీసిన చప్పుడైంది. బావ లుంగీతో, దోసిట్లో మూడు కోడిపిల్లలతో బయటికొచ్చాడు.

"పట్టు బామ్మర్దీ" అని నా చేతుల్లో పెట్టాడు. "తలుపు నువ్వే బాగుచేసినవటగా. మీ అక్క చెప్పింది."

బాపు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి నడిచాడు. భుజాలు కదులుతున్నాయి. అల్లుడొచ్చాడని నిన్నటినుంచి బిగుసుకుని ఉన్న ఇల్లు ఆ పూట కాస్త వదులైంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ తలుపు ఒరిగినా ముందు స్క్రూలు చూస్తాను, ఆ తర్వాత మనిషిని పిలుస్తాను. తెలివి వచ్చిందని ఇంట్లోవాళ్ల సంతోషం. నాకు మాత్రం, తలుపును నేలమీద పడేసి, దానిమీద మోకాలు ఆనించి, చెమటలు కక్కుతూ రంపం లాగుతున్న ఆ పోరడు కనిపిస్తాడు. ఎంత నమ్మకమో వాడి ముఖంలో! ఇప్పుడు నేను వెళ్లి పక్కనే నిలబడినా, వాడిని ఆపబుద్ధి కాదు.