ముందు పిట్టను తియ్యి

మొన్న ఆదివారం పొద్దున మా మేనమామ పోయాడని బూర్గంపాడు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. అత్త ఏడుస్తూనే అంది: "జల్దీ రా బిడ్డా. పెట్టె కాడ ఫోటో నువ్వే తియ్యాలె."

మామది అక్కడ చిన్న స్టూడియో. మా క్రైస్తవుల ఇళ్లలో సమాధికి ముందు శవపేటిక చుట్టూ నిలబడి కుటుంబమంతా ఫోటో దిగడం ఆనవాయితీ. ఆ ఫోటోలన్నీ ఆయనే తీసేవాడు. ఆ తర్వాత గోదావరి ఒడ్డుకు వెళ్లి, ఎగిరే పిట్టను ఒక్కదాన్నయినా తీసేదాకా ఆ కెమెరాను బతికున్న మనిషి ముఖానికి పెట్టేవాడు కాదు; పెడితే ఆ మనిషికి చావు అంటుతుందని ఆయన భయం.

"పాస్టర్ గారు వింటే ఏమంటారు మామా?" అని ఆటపట్టించేదాన్ని.

"ప్రార్థన సంగతి ఆయన జూసుకుంటడు బిడ్డా. కెమెరా సంగతి నాది."

నాకు ఫోటో తీయడం నేర్పింది ఆ ఇసుక మీదే. చలికాలం పొగమంచులో అవతల భద్రాచలం ఒడ్డు కనిపించేది కాదు. "పిట్టను జూసి నొక్కకు. అది పోయే జాగా జూసి నొక్కు" అనేవాడు.

పోయిన చలికాలం అలాగే వెళ్లాం. ముందురోజు పెట్టె ఫోటో తీసిన కెమెరా నా చేతిలో ఉంది. మంచులోంచి మామ నా వైపు తిరిగాడు. బాగుందనిపించి నొక్కేశాను.

"పిట్టను తీసినవా ముందు?"

"లేదు మామా."

తిట్టలేదు. "కానీలే బిడ్డా. మంచిగ వచ్చిందా?" అన్నాడు.

బాగానే వచ్చింది. ఊరందరినీ తీసిన మనిషికి సొంత ఫోటో అదొక్కటే ఉంది. పెట్టె మీద అదే పెట్టారు. ఆయన గుండె జబ్బు పాతదని నాకు తెలుసు. అయినా ఆ కళ్లలోకి చూడలేకపోయాను.

పెట్టె ఫోటో ఆయన కెమెరాతోనే తీశాను. మర్నాడు అత్త, "పింఛను కాయితాలకు నా ఫోటో కావాలె బిడ్డా. ఆయన కెమెరాతోనే తియ్యి" అంది. బ్యాటరీ అయిపోయిందని అబద్ధం చెప్పాను.

రెండు పొద్దులు ఒడ్డుకు వెళ్లాను. కొంగలు తలమీదుగా రెక్కలు కొట్టుకుంటూ పోయాయి. చూసిన ప్రతిసారీ నొక్కాను. ఫోటోల్లో మాత్రం ఉత్త మంచు.

మూడోనాడు ఏ పిట్టా రాలేదు. చుట్టూ చప్పుడన్నదే లేదు. ఇంటి దగ్గర అత్త తల దువ్వుకుని ఎదురుచూస్తోంది. నాకు భయమేసింది. మామ మాట గుర్తొచ్చి, నీళ్ల మీద ఖాళీ జాగా చూసి నొక్కాను.

ఫోటోలో ఒక్క కొంగ ఉంది. రెక్కలు చాచి, కనిపించని అవతలి ఒడ్డుకు పోతూ ఉంది.