నాయిన తేని బోల్టు

మూడు వారాల పాటు పోపుల డబ్బాలో, జీలకర్ర గిన్నె కింద, ఒక బోల్టు దాచి ఉంచాను. అది ఎనిమిదేళ్ల మా అమ్మాయి బీఎంఎక్స్ సైకిలుది. సీటు గొట్టాన్ని పట్టి ఉంచే పాత బోల్టు మరలు అరిగి, పిల్ల కూర్చోగానే సీటు కిందికి జారిపోతుంటే, సీటు తీసి పక్కన పెట్టి మేడ్చల్‌లో సైకిలు షాపు చాచా దగ్గరికి వెళ్లాను. తళతళలాడేది ఒకటి చేతిలోకి తీసుకుంటే ఆయన నవ్వాడు.

"గది పెండ్లికి పెట్టుకపోతవా బిడ్డా? నాలుగు దుంకులకే వంగుతది. తల మీద 8.8 అని ఉన్నది తీస్కో."

బోల్టు గట్టిదనం చెప్పే ఆ అంకె నాకు కొత్త కాదు. మా నాయిన మేడ్చల్‌లోనే బోల్టులు చేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. మెరుపు చూడొద్దనీ, మరలను గోటితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదనీ, పొడుగు ఎక్కువైతే తొడకు గీసుకుంటుందనీ, గ్రీజు రాసి బిగించి ఆగిన చోట ఇంకొక్క పావు తిప్పు చాలనీ, అన్నం తింటూ పాఠంలా చెప్పేవాడు.

నాకు సైకిలు కొన్నదీ ఆయనే. దాని మీద శామీర్‌పేట దారిలో ఎంత దూరమైనా వెళ్లి వచ్చేదాన్ని. నేను పెద్దమనిషినైన నెలలోనే ఒకరోజు చూస్తే సైకిలుకు సీటు లేదు. బోల్టు పోయిందన్నాడు నాయిన. "రేపు తెస్త బిడ్డా, గట్టిది తెస్త." రోజూ అదే మాట. పొద్దంతా బోల్టుల మధ్యే ఉండే మనిషికి ఒక్కటి దొరకదా అని నాకు తోచనే లేదు. సాయంత్రం గడపలో కూర్చుని ఆయన సంచీ వైపు ఆశగా చూసేదాన్ని. తర్వాత బడికి ఆటో మాట్లాడారు, కాలేజీకి బస్సు, పెళ్లయ్యాక కారులో పక్క సీటు. మళ్లీ సైకిలెక్కలేదు.

చాచా ఇచ్చిన బోల్టుతో కొంపల్లికి తిరిగి వస్తుంటే, మా అపార్ట్‌మెంటు గేటును ఒరుసుకుంటున్నట్టుగా టిప్పర్లు వరసగా పోతున్నాయి. ఇంట్లోకి రాగానే పిల్ల అడిగింది, దొరికిందా అని. "ఇంకా దొరకలేదు బిడ్డా, గట్టిది చూస్తున్న" అన్నాను. అది నాయిన మాటేనని అన్నాక గాని తెలియలేదు.

ఈ సాయంత్రం సెల్లారులోంచి కేక వినబడింది. "అమ్మా, సీటు లేకున్నా నడుస్తాంది చూడు!" పెడళ్ల మీద నిలబడి, స్తంభాల చుట్టూ గిరగిరా తిరుగుతోంది. దాని కాళ్ల మధ్య సీటు లేని గొట్టం నోరు తెరుచుకుని ఉంది. కాలు జారితే అది గుచ్చుకుపోయేదే. పరుగున పైకి వెళ్లి సీటూ బోల్టూ పానా తెచ్చి, గ్రీజు లేక కొబ్బరినూనె రాసి బిగించాను. ఆగిన చోట ఇంకొక్క పావు తిప్పు. సీటు కదల్లేదు.

నా చిన్నప్పుడు దారి ఖాళీగా ఉండేది, భయమంతా ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఆడపిల్లకు సైకిలెందుకని ఇంట్లో ఎవరూ అనరు, దారే మిగల్లేదు. "ఇగ బయటికి పోదామా?" అంది పిల్ల. రేపు, అన్నాను.

అప్పట్లో నేను నమ్మినట్టు అది నమ్మలేదు. సీటు మీద కూర్చుని, ఒక కాలు నేలకు ఆన్చి, గేటు వైపే చూస్తూ ఉండిపోయింది.