తలుపులు మూసి చెవులు కుట్టించిన రోజు

కోర్టు వరండాలో నన్ను అందరూ మిలిటరీ అమ్మ అంటారు. నేను రాగానే గుమాస్తాలు బెంచీ మీద జరిగి చోటిస్తారు. ఎక్కడో మంచులో కాపలా కాసేవాడి పెళ్ళాం కదా అని వాళ్ళ మర్యాద. ఆ మర్యాదను చాలాకాలం హాయిగా అనుభవించాను. ఎదుటి బెంచీ మీద కూర్చునే మా వదిన, మావారి అక్క కోసం మాత్రం ఎవరూ జరిగేవారు కారు. సరిహద్దులో ఉన్న సొంత తమ్ముడి మీద కేసు వేసిన మనిషని ఆమెకు పేరు.

కేసు ఈ అరవనాట, అన్నూరులో మా మామగారు వదిలిపోయిన రేగడి చేను గురించి. వదిన భర్త మగ్గాల షెడ్డు మూతపడి ఇల్లు గడవడం కష్టమయ్యాక, ఆమె తన భాగం అడిగింది. పెళ్ళికీ పురుడికీ సీరూ సారే పెట్టాం, ఇంక భూమేమిటని మావారు ఫోన్లో అరిచారు. ఆ మాట ఆయనకు నూరిపోసింది నేనే. వదిన కోర్టుకు వెళ్ళింది.

మా వకీలు నెమ్మదైన మనిషి, గట్టివాడు. సైనికుడికి సెలవు దొరక్క, అతను లేకుండా విచారణ జరిపితే అన్యాయమవుతుందని పై అధికారి రాసిస్తే, కోర్టు కేసును ఆపి ఉంచుతుందట. అలాంటి పాత చట్టం ఒకటి ఉందట. "మీ పేర అధికారం మాత్రం రాయించుకోకండమ్మా. ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు ఉన్నారంటే వాయిదా ఇవ్వకపోవచ్చు" అని అరవంలో హెచ్చరించాడు. కాబట్టి నా పని కాగితం తెచ్చి ఇవ్వడం, నోరు మూసుకుని కూర్చోవడం. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని కూర్చున్న చోటు అదొక్కటే.

ఆ కాగితంలో అబద్ధమేమీ లేదు. మావారికి నిజంగానే సెలవు దొరికేది కాదు. కానీ వాయిదా పడ్డ ప్రతిసారీ వదిన ముఖం వాడిపోతుంటే నాకు లోలోపల సంతోషంగా ఉండేది. సిపాయి ఇల్లు కూలిపోకూడదని చట్టం చేసినవాళ్ళు నా సంతోషం కోసం చెయ్యలేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున వదిన సింగానల్లూరులో మా ఇంటికి వచ్చింది. చేతిలో తాంబూలం పళ్ళెం. ఎన్నో ఏళ్ళకు లేక లేక పుట్టిన కూతురికి చెవులు కుట్టిస్తోంది. మావాళ్ళలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే కంసాలి ఆసారి సూది ముట్టుకుంటాడు. మేనమామ ఎంత దూరంలో ఉన్నా రావలసిందే.

"కేసు కోర్టులో ఉండనీమ్మా" అంది. "పిల్లకి మామ ఒగడే కద. వాని ఒళ్ళోనే కుట్టల్ల. కండిప్పా రమ్మని చెప్పు, తప్పిపోగూడదు."

"లీవు లేదు వదినా" అన్నాను. అప్పటికది నిజం. కాఫీ కూడా తాగకుండా వెళ్ళింది. గట్టిగా ఉండమని నేనూ అనలేదు.

ముహూర్తానికి ముందు వారం మావారికి అనుకోకుండా సెలవు దొరికింది. సంచి దించీ దించకముందే నేను వకీలుకు ఫోన్ చేశాను. ఆయన ఆ ఫంక్షన్లో ఒక్క ఫోటో తీసినా ఎదుటి పక్షానికి చాలన్నాడు. లీవులో ఊరికి వచ్చినవాడు కోర్టుకెందుకు రాలేదని అడుగుతారు, ఆయన ఉద్యోగానికీ మాట రావచ్చన్నాడు.

"మీరు బయటికి పోవద్దు" అని మావారికి చెప్పాను. "వాకిట్లో కూడా నిలబడద్దు."

"మా అక్క కూతురే అది" అన్నారు.

"నాకు తెలీదా? ఉద్యోగం పోతే ఏమి చేసేది?"

సరిహద్దు కాచే మనిషిని తెచ్చి సింగానల్లూరులో పడకగదిలో దాచాను. బట్టలు ఇంట్లోనే ఆరేశాను. పక్కింటావిడ మగగొంతు విని ఎవరొచ్చారని అడిగితే టీవీ అన్నాను. అప్పుడు కూడా నాకు సిగ్గు వెయ్యలేదు. చాలా తెలివిగా నడుపుకొస్తున్నాననుకున్నాను.

చెవులు కుట్టించే రోజున నేనొక్కదాన్నే అన్నూరు వెళ్ళాను. పందిరి, భోజనాలు, చుట్టాలు. అందరూ నా వెనక వైపు చూశారు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. చివరికి పిల్లకు ఒళ్ళు వెచ్చగా ఉంది, చెవులు ఇంకో రోజు కుట్టిస్తామని వదిన అందరికీ చెప్పి పంపేసింది. నేను పిల్లను ముట్టుకున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది.

రెండు రోజులకు మధ్యాహ్నం పూట మా గుమ్మం ముందు ఆటో ఆగింది. వదిన దిగింది, చంకలో పిల్ల, వెనక ఆసారి. ఆమె లోపలికి వచ్చి, నన్ను పలకరించకుండా, తనే తలుపు గడియ పెట్టింది.

"ఆ కిటికీ కూడా వెయ్యమ్మా. ఎవురన్నా చూస్తారు" అంది. తర్వాత పడకగది వైపు తిరిగి, "తమ్ముడా, రా. పిల్లని తెచ్చినాను" అంది.

మావారు బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. నాకు తెలియకుండా ఆయనే అక్కకు ఫోన్ చేశారట.

"మా వక్కీలుకి చెప్పలేదు" అంది వదిన నాతో. "ఇంట్లో ఆయనకి కూడా చెప్పలేదు. భయపడద్దు."

ఆయన చాప మీద కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకున్నారు. ఏడుపు వీధిలోకి వినపడకూడదని వదినే టీవీ పెద్దగా పెట్టింది. సూది దిగగానే పిల్ల గుక్కపట్టింది. దాని తల గుండెకు అదుముకుని మావారు కూడా ఏడ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను నెల నెలా కోర్టుకు పోయి ఓడించాలనుకున్న మనిషి, ఆయనకు కష్టం రాకూడదని, తన ఒక్కగానొక్క బిడ్డ వేడుకను దొంగతనంగా చేసుకుంటోంది.

మావారు తిరిగి వెళ్ళిపోయాక వాయిదా వచ్చింది. మా వకీలు పాత కాగితమే మళ్ళీ చూపించాడు. అవతలి వకీలు లేచి, ఆయన ఈమధ్య ఊరికి వచ్చినట్టు వింటున్నామన్నాడు. జడ్జి కాగితం పక్కన పెట్టి, తెచ్చినది నేనే కాబట్టి నన్నే నిలబెట్టి అడిగాడు, మీ ఆయన లీవులో వచ్చారా అని.

అవునంటే ఆయనకు ముప్పు. కాదంటే వదిన ముందు నిలబడి అబద్ధం.

వెనక నుంచి వదిన లేచింది.

"రాలేదయ్యా" అంది అరవంలో. "వచ్చి ఉంటే మా పిల్ల చెవులు కుట్టేదానికి రాకుండా ఉంటాడా?"

ఆమె వకీలు వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయాడు. జడ్జి కేసును వాయిదా వేశాడు. నా నోట రావలసిన అబద్ధం ఆమె చెప్పింది, తన చేనును తనే దూరం చేసుకుని.

బయటికి వచ్చాక బస్టాపు దాకా ఆమె వెనకే నడిచాను. పక్కన నడవడానికి నాకు మొహం చెల్లలేదు.