గడప బయటి చెప్పులు

2023 జూన్‌లో, కుప్పం వైపు ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ వర్క్‌షాప్‌ను మేకర్‌స్పేస్‌గా మార్చే పని నాకు అప్పగించారు. ఎవరైనా వచ్చి, అక్కడి యంత్రాలు వాడుకుని, తమకు కావలసిన వస్తువు తామే చేసుకునే చోటును మేకర్‌స్పేస్ అంటారు. రెండు పాత లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషను, వెల్డింగ్ సెట్టు ముందే ఉన్నాయి. రెండు త్రీడీ ప్రింటర్లు కొత్తగా చేర్చాం. శుక్రవారం దాకా విద్యార్థులకు, శనివారం ఊళ్లవాళ్లందరికీ అని నిర్ణయించాం. రుసుము లేదు, గుర్తింపు కార్డు అక్కర్లేదు.

నాకు ప్రతిదానికీ జాబితా రాసుకునే అలవాటు. తెరవడానికి ముందే పద్నాలుగు భద్రతా నిబంధనలు రాసి, ఫ్లెక్సీ వేయించి తలుపు పక్కన కట్టాను. అందులో మూడోది: బూట్లు లేకుండా లోపలికి రాకూడదు. లేత్ మీద ఇనుము తరిగినప్పుడు రాలే చిప్స్ బ్లేడు ముక్కల్లా ఉంటాయి. ఇరవై ఏళ్లుగా అక్కడ మెకానిక్‌గా ఉన్న మునెప్పన్న, ఒకసారి ఒక విద్యార్థి పాదంలోంచి అలాంటి ముక్కను పట్టకారుతో లాగాడు. ఆ నిబంధన విషయంలో నాకంటే అతనే గట్టిగా ఉండేవాడు.

నాలుగు శనివారాలు గడిచినా బయటివాళ్లు ఒక్కరూ లోపలికి రాలేదు. కారణాలు రాసుకున్నాను: దూరం, సమయం, ప్రచారం, ఇంగ్లీషు పేరు. పేరును ‘అందరి వర్క్‌షాప్’ అని మార్చాను. పుంగనూరు, మదనపల్లె బస్టాండ్లలో కూడా కరపత్రాలు పంచాం.

“పెండ్లి పత్రికలు పంచినట్ల పంచితిమి సార్. పెండ్లికి మనిద్దరమే ఉండాము,” అన్నాడు మునెప్పన్న.

ఐదో శనివారం రెడ్డెమ్మ అనే ఆవిడ వచ్చింది. గుడుపల్లె దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచుతుంది. చెప్పులు గోడ వారగా విడిచి, గుడ్డసంచి పట్టుకుని వట్టి కాళ్లతో గడప బయట నిలబడింది. నేను లోపలికి రమ్మన్నాను. మునెప్పన్న ఆమె కాళ్లు చూసి అక్కడే ఆగమన్నాడు. చెప్పులు వేసుకొచ్చినా కుదరదు, బూట్లే కావాలన్నాడు. బయటే స్టూలు వేశాం. ఆమె సంచిలోంచి తీసిన గేర్‌ను నేను గడప ఇవతలి నుంచి అందుకున్నాను.

పట్టుగూళ్ల మీద సన్నటి పీచు ఉంటుంది. మార్కెట్టుకు తీసుకెళ్లే ముందు దాన్ని తీయాలి. చేత్తో తిప్పే చిన్న మిషను ఆ పని చేస్తుంది. ఆమె మిషనులో గేర్‌కు నాలుగు పళ్లు విరిగాయి. ఆ విడిభాగం ఇప్పుడు రావడం లేదని అమ్మినవాళ్లు చెప్పేశారట.

“పురుగులు గూడు కట్టను మొదులుపెట్టినాయప్పా. వారంలో తట్టల్లోంచి గూళ్లు ఇప్పాల. పీచు చేత్తో తీస్తా కూర్చుంటే, అంతలోకి లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకోని వచ్చేస్తాది. తూటు పడిన గూడు ఎవురూ కొనరు.”

వచ్చే శనివారానికి మిషను తిరగాలి. అదీ లెక్క.

గేర్ పంటి పరిమాణాన్ని మాడ్యూల్ అంటారు. పళ్ల సంఖ్య, బయటి వ్యాసం తెలిస్తే అది లెక్కకు వస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే మాడ్యూల్ రెండుకు కాస్త పైన వచ్చింది. అరుగుదల వల్ల తేడా అనుకుని రెండుకు సర్ది, నైలాన్‌తో ప్రింట్ చేసి సోమవారం పంపించాను. బుధవారం ఆమె ఫోను చేసింది.

“ఒక సుట్టు పోతాంది, ఆడ బిగుసుకుంటాంది.”

మిషను తెమ్మన్నాను. దాన్ని నేలకు బోల్టులతో బిగించారు, పైగా పురుగులను వదిలి రాలేనంది. గురువారం పొద్దున నేనే బయలుదేరాను.

ఆమె పురుగులు పెంచే షెడ్డు తలుపు తీసే ఉంది. నేను కాలిపర్ పట్టుకుని నేరుగా గడప దాటబోయాను.

“ఆగప్పా, యాడికి పోతాండావు? బూట్లు ఇడువు,” అంది రెడ్డెమ్మ లోపలి నుంచి.

విడిచాను. తలుపు ముందు ట్రేలో బ్లీచింగ్ పౌడరు నీళ్లున్నాయి. అందులో కాళ్లు తడపమంది. పురుగులకు వచ్చే రోగాలు మనుషుల కాళ్లతోనే లోపలికి వస్తాయట. పక్కన గోడకు ఆనించి ఐదు జతల రబ్బరు చెప్పులున్నాయి. లోపలికి వచ్చేవాళ్ల కోసమే అవి. ఉన్నవాటిలో పెద్ద జత వేసుకున్నా నా మడమలు బయటే ఉన్నాయి.

మిషనులోని రెండో గేర్ ఉక్కుది, అరగలేదు. కొలవగానే తప్పు తెలిసింది. ఆ పళ్లు మిల్లీమీటర్ల లెక్కలో కోసినవి కావు, అంగుళాల లెక్కవి. అరిగితే కొలత తగ్గాలి గానీ పెరగదు. రెండుకు పైన వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది.

బయటికొచ్చి బూట్ల లేసులు కట్టుకుంటూ, ఆ రోజు మా దగ్గర చెప్పులు ఎందుకు విడిచారని అడిగాను.

“మిషన్లుండే సోటికి మట్టి కాళ్లతో యాల రావాల? మా ఈదిలో ఇంకో ఇద్దరు నాకంటే ముందే వచ్చినారు. ఒకాయన మోటారు మూత తెచ్చుకున్యాడు. ఇద్దరూ చెప్పులిడిసి, బోర్డు సదువుకోని, బూట్లు లేవని అట్లే తిరుక్కున్యారు.”

ఇనుప ముక్కల సంగతి చెప్పి, నిబంధన తీసేయలేమన్నాను.

“తీయమని ఎవురన్యారు? కాళ్లకు కావాల్సింది మీరే పెట్టండి. నేను పెట్టలేదా?”

నేను రాసుకున్న కారణాల జాబితాలో బూట్లు లేవు. మా దగ్గర విద్యార్థులందరూ బూట్లతోనే వస్తారు కాబట్టి, మూడో నిబంధన ఎవరినైనా ఆపుతుందని నాకు తట్టనే లేదు.

విరిగిన గేర్‌ను ఈసారి అంగుళాల లెక్కలో మళ్లీ చేసి శుక్రవారం సాయంత్రం నేనే తీసుకెళ్లి బిగించాను. ఆమె పిడి పట్టుకుని చాలాసేపు తిప్పింది, ఎక్కడా బిగుసుకోలేదు. శనివారం పీచు తీశారు. ఆదివారం గూళ్లు మార్కెట్టుకు వెళ్లాయి, ఒక్కదానికీ తూటు పడలేదు.

తర్వాతి వారం మా తలుపు దగ్గర ఇనుప రాక్ పెట్టి, ఆరు నుంచి పది సైజుల వరకు పన్నెండు జతల సేఫ్టీ షూలు సర్దాం. మూడో నిబంధనను తిరిగి రాయించాం: చెప్పులు ఇక్కడ విడిచి, ఈ బూట్లు వేసుకుని రండి. ముందుగా మోటారు మూత ఆయన వచ్చాడు. ఆ తర్వాత శాంతిపురం నుంచి గ్రానైట్ పని చేసే ఇద్దరు వచ్చారు. మునెప్పన్న బూట్ల లేసులు తానే సరిచేసి పెట్టేవాడు.

ఆగస్టులో రెడ్డెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆకు కోసే కత్తికి పిడి కావాలట. ఉన్నవాటిలో చిన్న జత, ఆరో నంబరు, వేసుకుని రెండడుగులు వేసింది. మడమ దగ్గర బూటు ఊడి వెనకే ఉండిపోయింది.

“మా షెడ్డులో నీ కాళ్లు పట్టలే. నీ షెడ్డులో నా కాళ్లు నిలవలే,” అంది.

అందరి కోసం అని రాసిన పద్నాలుగు నిబంధనలూ నా కాళ్ల కొలతతో రాసుకున్నానని నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇప్పుడు ఏ నిబంధన రాసినా, దాన్ని పాటించడానికి కావలసింది తలుపు దగ్గర ఉందో లేదో ముందు చూసుకుంటాను. ఆ రోజు ఆమె బూట్లలో పాత గుడ్డ కుక్కి, లేసులు బిగించి లోపలికి తీసుకెళ్లాం. కొనవలసినవాటి జాబితాలో ఒక వరుస చేర్చాను: నాలుగో సైజు, మూడు జతలు.