దామోదరం చేతిలో రాజుగారి కత్తి

మద్రాసు కోడంబాక్కంలో ఒక సినిమా స్టూడియోకు దుస్తులు కుట్టిన దామోదరం గురించి చాలామంది చాలా చెప్పారు. గాలి సోకిందన్నారు. తాగుడన్నారు. సెలవు కోసం నటిస్తాడని, ఆ నటన తెర మీదికి ఎక్కకపోవడం పరిశ్రమకే నష్టమని మేనేజరు అన్నాడు. ఇవేవీ నిజం కావు. దామోదరానికి మూర్ఛవ్యాధి ఉండేది. మెదడులోని విద్యుత్ సంకేతాలు ఉన్నట్టుండి అదుపు తప్పడం వల్ల ఫిట్స్ వస్తాయి. అది అంటుకోదు, చాలామందిలో మందులకు లొంగుతుంది.

మాత్రలతో అతనికి రెండేళ్లు ఫిట్స్ రాలేదు. రాలేదు కనుక జబ్బే పోయిందని తేల్చుకొని, 1994లో, డాక్టరును అడగకుండా మాత్రలు మానేశాడు. చదువుకున్నవారూ ఈ పొరపాటు చేస్తారు.

ఒక పౌరాణిక సీరియల్‌కు సైనికుల చొక్కాలు కుడుతూ, ఒకనాడు ఫిట్స్ వచ్చి మిషను పక్కన పడిపోయాడు. చేతిలో ఇనుము పెడితే ఆగుతుందని అక్కడ అందరి నమ్మకం. తాళాలగుత్తి పెడదామంటే, దాన్ని పట్టుకొని మేనేజరు అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. షూటింగు సామాన్లు చూసుకొనే జయరామ్ పరుగున రాజుగారి కత్తి తెచ్చి దామోదరం పిడికిట్లో ఇరికించాడు.

కుట్టుపనివాళ్లకు పెద్ద, కాస్ట్యూమర్ మాదయ్య దాన్ని తట్టి చూశాడు. "ఒరే, ఇది కట్టె గదరా."

"ఇనుమే అన్నా. మెరుపు చూడు."

"నా ముందరే గదరా వెండిరంగు పూసిరి."

"ఆడుండే కత్తులన్నీ ఇంతే. పోనీ, గద తెచ్చేదా?"

"గదలో దూదుండాది."

ఆ గదిలోనే మంచి ఇనుప కత్తెరలు ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తట్టకపోవడం దామోదరం అదృష్టం.

వాదన తేలకముందే ఫిట్స్ తగ్గింది. సాధారణంగా అది ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఇనుము లేకుండానే తగ్గింది కాబట్టి ఆ ఖ్యాతి ఇనుముకు దక్కదు. జయరామ్ మాత్రం కట్టెకూ మహిమ ఉందని ప్రచారం మొదలుపెట్టాడు.

దామోదరానికి కుట్టుపని తప్ప వేరే పని రాదు. మాదయ్యకేమో అతన్ని మళ్లీ కరెంటు మిషను ముందు కూర్చోబెట్టడానికి భయం.

"మాత్రలు మానేస్తివా?"

"బాగుంటి గదన్నా."

"మాత్రలేసుకొని బాగుంటివి. పోయి డాక్టరుని చూసి రా. ఆయన సరేనంటేనే మిషను. అందాకా గుండీలు కుట్టు."

డాక్టరు మళ్లీ మాత్రలు రాసి, తనను అడగకుండా మానవద్దన్నాడు. డాక్టరు చెప్పిందే దామోదరం తోటివారికి చెప్పాడు: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలోగాని నోట్లోగాని ఏమీ పెట్టకండి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోండి.

"కట్టె కూడా వద్దా అన్నా?" అన్నాడు జయరామ్, కాస్త నొచ్చుకొని.

"వద్దురా."

కొన్ని నెలలు ఫిట్స్ లేకుండా గడిచాక డాక్టరు సరేనన్నాడు. మాదయ్య మిషను తిరిగి ఇచ్చాడు.

దామోదరం ఒక తప్పు చేశాడు, దిద్దుకున్నాడు. ఆ తర్వాత రోజూ మాత్ర వేసుకొని చొక్కాలు కుట్టాడు.