పక్కింటి అక్క పసుపు బొమ్మ

నా చిన్నప్పుడు మేం కార్వాన్ బస్తీలో ఉండేవాళ్ళం. మా పక్కింటి అక్క కాలేజీలో బొమ్మలు గీయడం నేర్చుకుని, చివరికి బొమ్మ లేని బొమ్మలు వేసేది. చెట్టూ లేదు, మనిషీ లేడు, ఉత్త రంగులే. ఆ రోజుల్లో ఆడపిల్ల అట్లాంటివి వేయడం మేమెవరమూ ఎరగం. వాడకట్టంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అందరూ నవ్వుతుంటే నాకేం నొప్పి?

వాళ్ళ నాన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన సర్కారు దఫ్తరులో గుమాస్తా. "ఇందుల ఏమున్నదే? ఒక్క పిట్టనన్న గియ్యరాదూ? ఈసారి ఎగ్జిబిషన్ల పెట్టుకో. మళ్ల కుంచె ముట్టద్దు" అని తెగేసి చెప్పాడు. అక్క తిండి కూడా సరిగ్గా తినకుండా, పెద్ద కాన్వాసు నిండా పసుపు రంగు పూసి, నడుమ ఎర్రటి చుక్కలు పెట్టింది. ఆరడానికి దాన్ని గుమ్మం పక్కన గోడకు ఆనించింది. అది బోనాల ఆదివారం.

మా నానమ్మ అమ్మవారికి బోనం ఇచ్చి, నన్ను వెంటబెట్టుకుని గుడి నుంచి వస్తోంది. మా దగ్గర గోడకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెడితే అదే అమ్మవారు. ముక్కూ మొహం అక్కర్లేదు. నానమ్మ ఆ కాన్వాసు ముందు ఆగి, చెంబులో మిగిలిన వేపాకు నీళ్ళు కింద పోసింది. చిటికెడు కుంకుమ తీసి మధ్యలో అద్దింది. "సల్లగ సూడు తల్లీ" అని కళ్ళు మూసుకుని దండం పెట్టింది.

కుంకుమ పచ్చిరంగుకు అంటుకుపోయింది. "నానమ్మా, అది అక్క బొమ్మ!" అని నేను అరిచాను. అరుపుకి అక్క బయటికొచ్చింది. బజారు నుంచి వస్తున్న వాళ్ళ నాన్న కూడా అక్కడే ఆగిపోయాడు. నానమ్మ రెండు చేతులతో కుంకుమ తుడవబోయింది. "అయ్యో బిడ్డా, నీ కష్టమంత ఖరాబు జేస్తి గదనే!"

అక్క ఆ చేతులు పట్టుకుంది. "ఖరాబేంది అవ్వా? ఇందుల ఏమున్నదని అడగనిదానివి నువ్వొక్కదానివే" అంది. అని, తనే భోరున ఏడ్చింది.

వాళ్ళ నాన్న చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. తనకు తెలియకుండానే చెప్పులు విడిచాడు. "తుడువకు. గట్లనే ఉండనియ్యి" అన్నాడు. మర్నాడు రిక్షాలో దాన్ని తనే పట్టుకుని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్ళాడు.

బహుమతేమీ రాలేదు. కుంచె మాత్రం ఆగలేదు. తర్వాత అక్క బొమ్మలు పెద్ద పెద్ద ఊళ్ళకు వెళ్ళాయి. అవి నాకు ఇప్పటికీ అర్థం కావు, అబద్ధమెందుకు? కానీ తెలియనిది ఏది ఎదురైనా, నోరు తెరిచే ముందు కాసేపు ఊరికే నిలబడటం నాకు ఆ రోజు అలవాటైంది. అది ఇంకా పోలేదు.